నీ చాటలో వాన

లచ్చమ్మా, మన సరిత ఫస్టొచ్చింది! సినిమాలకు చప్పుళ్లు తయారుచేసే కోర్సులో, అంతమంది పిల్లల్లో, మన బిడ్డే ఫస్టు!

నిన్న కాలేజీలో తను చేసిన చిన్న సినిమా చూపించారు. తెర మీద వాన మొదలవగానే, మన మిద్దె మీద ఆరబోసిన కందులు తడుస్తాయని గభాలున లేచాను. సరిత నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“ఏడికి బాపూ? గది వాన గాదు. అమ్మ చాటల జొన్నలేసి చెరిగిన.”

నువ్వు పోయిన మూడేళ్లకు నీ చాట చప్పుడు విన్నాను. హాలంతా చప్పట్లే!

“సప్పుడు చేసుడు గూడ సదువేనా బావా?” అని నవ్విన మీ తమ్ముడికి ముందు చెప్పాలి. తర్వాత ఆత్మకూర్‌లో మీ అక్కకు, మక్తల్‌లో నా చెల్లెలికి. చెవులు వినపడని మీ అమ్మకు మాత్రం ఆ చాట చేతికిచ్చి చెబుతాను.