జానెడు ఖాళీ

నాంపల్లి, హైదరాబాదు
12 ఆగస్టు 1974

చిరంజీవి తమ్ముడు వెంకటేశానికి అన్న బాలమల్లు దీవెనలు. ఇక్కడ నేను, మీ వదిన జయమ్మ కుశలం. మద్రాసులో నువ్వు, మరదలు, పిల్లలు కుశలమని తలుస్తాను.

కుశలం అయిపోయింది. ఇప్పుడు కడుపులో ఉన్నది చెబుతాను. పదిహేనేళ్ల కిందట స్టూడియో హాల్లో, యాభై మంది ముందు, నేను కట్టిన గోడకు తప్పు పట్టావు. నలభై ఏళ్లు తాపీ పట్టినవాడిని. అబిడ్స్‌లో నేను కట్టిన రెండంతస్తుల దుకాణాల్లో ఈనాటికీ ఒక్క బీట లేదు. అటువంటి నన్ను నా సొంత తమ్ముడు అంత మాట అన్నాడు. అది నేను మరిచిపోలేదు. ఇప్పుడు మళ్లీ, స్టూడియో జనార్దన్ సాబు కొడుకు శ్యామ్‌సుందర్ అడిగితే, ఆ హాలు గోదాముకు తప్ప దేనికీ పనికిరాదని కాగితం మీద రాసి పంపావట. ఎవరిని అడిగి రాశావు?

ఎప్పుడూ పక్కింటి సదాశివ పంతులు చేత రాయించేవాడిని. ఈ జాబు నేనే రాస్తున్నాను. ఇందులో ఉన్నది ఆయన వినకూడదు. అక్షరాలు వంకరగా ఉంటే నిదానంగా చదువుకో.

నువ్వు అడిగినవాటికి జవాబు. మీ వదిన కంటికి దవాఖానలో ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. వచ్చిన మొదటి రోజే నన్ను చూసి, "గింత ముసలోడివైనవేంది" అన్నది. నా దగ్గు తగ్గలేదు. ఇన్నేళ్లు సున్నం దుమ్ము మింగినవాడికి దగ్గు రాక ఏం వస్తుంది, దాని ఊసెత్తకు. ఇక, ఆ పాత హాలు మీద నీకెందుకన్నా ఇంత పట్టింపు అని అడిగావు. చెబుతాను.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, తెలుగు సినిమా అంతా ఇక హైదరాబాదుకే వస్తుందని జనార్దన్ సాబు స్టేషన్ వెనక ఆ స్థలం కొన్నాడు. రైళ్ల చప్పుడు హాల్లోకి రాకుండా ఉండాలని మద్రాసు నుంచి నక్షా తెప్పించాడు. నాకు నక్షా చదవరాదు, అక్కడ రికార్డింగు పనికి కుదిరిన నువ్వే చదివి చెప్పావు. "అన్నా, గోడలు రెండు. నడుమ జానెడు ఖాళీ. ఒకదానికొకటి తాకొద్దు" అన్నావు. నేను నవ్వాను. ఇరవై అడుగుల గోడ ఒంటరిగా ఎట్లా నిలబడుతుంది? రెండు వరసలు కడితే నడుమ అడ్డంగా పొడుగు రాయి వేసి రెంటినీ కట్టెయ్యాలని మన నాయన నేర్పాడు. అట్లా కట్టనివాడు మేస్త్రే కాదన్నాడు.

నువ్వు రికార్డింగు మిషను తేవడానికి మద్రాసు వెళ్లావు. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో స్టేషన్ వైపు గోడలో ముప్పై రెండు రాళ్లు వేశాను. నువ్వు వచ్చేసరికి పైన సున్నం పూత, గిలాబు కూడా అయిపోయింది. నీకు చెప్పలేదు.

మొదటి పాట రికార్డు చేసిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. వేసి వింటే పాట కింద రైలు. నువ్వు పోయి గోడకు చెవి పెట్టావు. అందరి ముందు, "మిషన్ల ఏం లేదు. గోడల ఏదో ఉన్నది. ఏం పెట్టినవన్నా?" అన్నావు. నిన్ను కొట్టాను. జనార్దన్ సాబుతో, "వీనికి మిషన్ రాదు, గోడ మీద పెడుతుండు" అన్నాను. ఆయన నా తెల్ల వెంట్రుకలను నమ్మాడు. సాయంత్రానికి నీ నౌకరీ పోయింది. నువ్వు మద్రాసు బండి ఎక్కితే నేను సాగనంపడానికి రాలేదు. స్టేషన్ గోడకు అవతలే ఉన్నాను.

ఇప్పుడు విను. నువ్వు వెళ్లిన పదిహేను రోజులకు, ఎవరూ లేనప్పుడు, నేనూ ఆ గోడకు చెవి పెట్టాను. రాయి ఉన్న చోట రైలు వినిపించింది. లేని చోట లేదు. తెలిసీ పదిహేనేళ్లు నోరు మూసుకున్నాను. ఆ హాల్లో నాలుగు సినిమాలు తీశారు, నాలుగింటికీ మాటలు మద్రాసులోనే పెట్టించారు. తర్వాత పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చారు. ఆ తర్వాత తాళం. హైదరాబాదుకు సినిమా అచ్చిరాదని అందరూ అన్నారు. నేను విని ఊరుకున్నాను.

నన్ను ఓదార్చకు. నీ మీద కోపం కూడా నాకు పోలేదు. ఒక్క దెబ్బకు ఊరుకున్నావు. గోడ తవ్వి చూపిస్తానని ఎందుకు పట్టుబట్టలేదు? నీ మాట నిజమైనప్పుడు అన్న అని ఊరుకుంటారా?

పోయిన వారం గడ్డపార తీసుకుని వెళ్లాను. ఒకప్పుడు నా దగ్గర సున్నం కలిపిన పోశవ్వ తోడు వచ్చింది, ఆమెకూ డెబ్బై నిండాయి. ఒక రాయి పెకలించేసరికి శ్యామ్‌సుందర్ వచ్చాడు.

"ఏంది మేస్త్రీ, నువ్వు కట్టిన గోడ నువ్వే తవ్వుతున్నవ్?"

"నేను కట్టిందే గద. మీ నాయిన కట్టిండా?"

"జర పక్కకు జరుగు. సుల్తాన్ బజార్ బట్టల సేటు గోదాముకు అడిగిండు. ఇరవై ఆరు, సోమవారం సంతకం."

పోశవ్వ తట్ట దించి, "గోదాముకైతే తొర్ర ఉండనియ్యి బిడ్డా, ఎలుకలు దర్వాజా దాకా తిరిగిపోవుడు తప్పుతది" అన్నది.

అతను నవ్వలేదు. "మీ తమ్ముడే రాసిండు పనికిరాదని. ఆయనొచ్చి, చెవితోని విని, పనికొస్తదంటే ఆపుత. డబ్బింగుకు హాలు అడిగేటోళ్లు ఉన్నరు. ఇంకెవలి మాటా ఇనను. గా తొర్ర పూడ్చి పో."

నడుమ జానెడు ఖాళీ వదిలి, ఇవతలి గోడ వరకే ఇటుకలతో పూడ్చాను. నాలుగు రోజులకు, ఆరిందో లేదో చూస్తానని చెప్పి పోయి అక్కడ చెవి పెట్టాను. రెండు గంటల బండి వెళ్లింది. వినిపించలేదు. ముసలి చెవి అంటావేమో, పక్క రాయి దగ్గర పెడితే చక్రాలు లెక్కపెట్టేంత వినిపించింది. ఇంకా ముప్పై ఒక్క రాళ్లున్నాయి. ఏది ఎక్కడుందో గిలాబు మీద నుంచే చూపిస్తాను.

ఇన్నేళ్లలో రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ ఆ వీధిలోకి రాలేదు. ఇప్పుడు రా. నిన్ను కొట్టిన చోటే నిలబడి, శ్యామ్‌సుందర్ ముందు, ఆనాటి పనివాళ్లలో బతికున్నవాళ్లందరి ముందు, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని చెబుతాను. నువ్వు లేనప్పుడు చెబితే చెప్పినట్టు కాదు.

ఇరవై మూడు, శుక్రవారం లోపల నీ జవాబు నాకు అందాలి. జాబు ఆలస్యమయ్యేటట్టుంటే తంతి కొట్టు. రానంటే రానని రాయి. ఎందుకు రావో కూడా రాయి. సదాశివ పంతులు చేతనే చదివించుకుంటాను. ఆయన విననీ.

ఇట్లు
నిన్ను కొట్టిన నీ అన్న
బాలమల్లు