పాత బొగ్గు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ నడుము వంచిన బోరింగు నీళ్లను శుద్ధి చేసే పరిశోధనకని ఒక శాస్త్రవేత్త మేడం మన నెల్లికుదురు వచ్చింది. ఇంట్లో బొగ్గు నింపిన డబ్బా పెట్టింది. నీళ్లలోని ఫ్లోరైడును ఆ బొగ్గు పట్టి ఉంచుతుందట.

పొద్దున మేడం డబ్బాలోంచి వాడేసిన పాత బొగ్గు తీసి గిన్నెలో పోసింది. డబ్బా కడిగి తిరిగి చూస్తే, నాయనమ్మ ఆ బొగ్గు నలిపి పళ్లు తోముకుంటోంది.

“ఉమ్మెయ్ అవ్వా! అది విషం!” అని మేడం కేక పెట్టింది.

“బొగ్గు విషమేంది బిడ్డా, నీ సదువు పాడుగాను!” అని నాయనమ్మ నవ్వింది.

“బొగ్గు కాదవ్వా. మీ బోరింగు నీళ్ల విషమే అందులో చేరింది.”

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది.

“గట్లయితే నా కొడుకుకు చిన్నప్పటి సంది విషం నేనే తాపిననా?”

పుక్కిలించమని నేను చెంబు ఇస్తే అందుకోలేదు. నల్లటి నోటితో నన్నే చూస్తూ నిలబడింది.