వెనక ఇరుసు పైన తుప్పు

సింగపూర్,
మార్చి

ప్రియమైన కనగా,

ఇక్కడ ఓడ గోడల మీద తుప్పు గీకి గీకి చేతులు మొద్దుబారాయి. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని యార్డువాళ్ళు అడుగుతున్నారు. పెడితే ఆ డబ్బుతో పక్క మడి కూడా మనదవుతుంది. నా బెంగంతా మన పాత ట్రక్కు మీదే. పాప శర్మిణి బడికి వెళ్ళాలన్నా, క్యాబేజీ అంగడికి చేరాలన్నా ఆ కొండ దిగేది అదే కదా. పైరేకు అల్యూమినియంది, తుప్పు పట్టదు, చూడ్డానికి ఎప్పుడూ పెళ్ళికొడుకే. పుచ్చేది కిందున్న ఛాసీ, ఆ బోలు ఇనప చట్రం. మడికి ఎరువుగా మోసే కోడిపెంట లోపలికి పోకూడదని మామ ఛాసీ చిల్లులకి చెక్క బిరడాలు కొట్టాడని రాశావు. ఆ ముసలాయనకి చెప్పు, చిల్లులున్నది లోపలి నీళ్ళు కారిపోవడానికని! అవి పీకేసి, సుత్తితో పొడుగునా కొట్టి చూడు. ‘టంగ్’ అంటే గట్టిది, ‘దబ్’ అంటే పుచ్చింది. గట్టిగా ఉంటే సంతకం పెడతాను. పుచ్చితే వచ్చేస్తాను, ఆ పని ఇంకొకళ్ళ చేతిలో పెట్టను.

నువ్వు కులాసాయేనా?

నీ బావ,
తనపాలన్

బ్రించాంగ్,
ఏప్రిల్

ప్రియమైన బావకి,

బిరడాలు పీకాను. ఎర్రనీళ్ళు మొహాన పడ్డాయి. నాన్న పక్కనే నిలబడి, “మీ ఆయనకి ఓడలు తెలుసేమో, పెంట సంగతి నాకు తెలుసు!” అని ఒకటే సణుగుడు.

సుత్తితో కొట్టాను. ముందంతా బాగుంది. వెనక ఇరుసు పైన, కుడివైపు, ‘దబ్’ అంది. నొక్కితే వేలు దిగిపోయింది. శర్మిణిని నడిపించే బడికి పంపుతున్నాను. వచ్చెయ్యి.

ఎదురుచూస్తూ,
కనగ

బ్రించాంగ్,
మే

ప్రియమైన బావా,

జవాబు రాలేదు. పని మానేసి బయల్దేరావేమోనని భయంగా ఉంది. నిజం చెప్తున్నా, తిట్టకు. ‘దబ్’ అనలేదు. ఎక్కడ కొట్టినా ‘టంగ్’మనే అంది. శర్మిణి దర్జాగా ట్రక్కులోనే బడికెళ్తోంది.

మూడేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ట్రక్కు క్షేమం ముందు, నా క్షేమం చివర. ఒళ్ళు మండింది. అది పుచ్చితే వస్తావు, నేను బెంగతో సగమైపోతే రావన్నమాట! అందుకే అలా రాశాను. కానీ నా అబద్ధం వల్ల నువ్వు పని వదులుకుంటే నాకు అన్నం సయించదు. సంతకం పెట్టు. నేను సర్దుకుంటాలే.

నీ,
కనగ

సింగపూర్,
మే

ప్రియమైన కనగా,

ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు.

నువ్వు వేలు దిగిందన్నచోట పాత ఇనుమే లేదు. నేను బయల్దేరేముందు, నువ్వు మీ అక్క కాన్పుకి ఈపో వెళ్ళినప్పుడు, అక్కడ మందపాటి కొత్త పలక వేసి అతికించాను. అది పుచ్చాలంటే మామ ఇంకో ఇరవై ఏళ్ళు బిరడాలు కొట్టాలి!

ఏప్రిల్ ఉత్తరం చదివి పకపకా నవ్వాను. పక్కమంచం వాడు, “ఏంట్రా, లాటరీ తగిలిందా?” అన్నాడు. తర్వాత నవ్వు రాలేదు. తూకంలో ఒక్క క్యాబేజీ ఎక్కువొచ్చినా తిరిగిచ్చేసే మనిషివి. అలాంటిదానివి నాతో అబద్ధమాడావంటే నీకక్కడ ఎంత కష్టంగా ఉందో కదా అని ఏడుపొచ్చింది. మర్నాడే సంతకం పెట్టనని చెప్పేశాను. చేతిలో ఉన్న ఓడ పూర్తిచేసి పొమ్మన్నారు, అందుకే ఆలస్యం.

నిజం చెప్పిన ఉత్తరం నిన్న చేరింది. పక్క మడి పోతే పోయింది. గురువారం కొండ కింద తాపా బస్టాండుకి ట్రక్కు తీసుకురా. మామని ఇంట్లోనే ఉంచు. నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను.

నీ బావ,
తనపాలన్