మాత్రలు చూసుకునే మనిషి

సత్యవతీ,

నీ సంవత్సరీకం అయిన మర్నాడు బరువు తగ్గే ఆపరేషన్ గురించి అడగడానికి రాజమండ్రి వెళ్లాను. మోకాళ్లు చేనుగట్టు ఎక్కనివ్వడం లేదు. అందులో రెండు రకాలట. స్లీవ్ అంటే పొట్టలో చాలాభాగం కోసి తీసేస్తారట. దానితో నా పుల్లతేన్పులు ఇంకా పెరగొచ్చట. పొట్టని చిన్నది చేసి కింది పేగుకి కలిపే బైపాస్ అయితే షుగరుకీ మంచిదట గాని, జీవితాంతం మాత్రల విషయంలో అశ్రద్ధ కుదరదట.

"ఇంట్లో మాత్రలు ఎవరు చూసుకుంటారండి?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా ఆవిడండి. మింగేదాకా ఎదురుగా నిలబడుద్ది," అన్నాను. నువ్వింకా ఉన్నట్టే ఎందుకన్నానో తెలియదు.

ఆమె నవ్వింది. "అయితే బైపాసే చేద్దామండి. శనివారం ఆవిడని కూడా తీసుకురండి, అన్నీ వివరంగా చెబుతాను."

నిన్న రాత్రి షుగరు బిళ్ల వేసుకున్నానో లేదో గుర్తు రావడం లేదు. శనివారం ఒక్కడినే వెళ్లి ఏం చెప్పను?