ఉపవాసం కాదు, కడుపు

ఆళ్లగడ్డ, ఆదివారం రాత్రి, జులై 1979

నేను చేసింది ఉపవాసం కాదు సుగుణా. నంద్యాల బస్సెక్కే రోజుల్లో నేను తినకపోవడం భక్తి కాదు, భయం. తింటే దారిలో శిరివెళ్ల చేరకముందే కడుపు మెలిపెడుతుంది. నా కోడలివి, పదేళ్లుగా చూస్తున్నావు. "పేగులో పుండేమీ లేదు టీచరమ్మా, పాల టీ మానండి, ఆకలితో మాత్రం ఉండొద్దు" అని నంద్యాల డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నావు. వేళకు మజ్జిగన్నం తింటూ మూడు వారాలుగా నిమ్మళంగా ఉన్నాను.

అయినా ఈరోజు చర్చిలో "మా అత్త ఉపవాసాలు శానా చేస్తాది" అన్నావు. పాస్టరయ్యగారు నన్ను మెచ్చుకుని, శుక్రవారం పగలంతా జరిగే ఉపవాస ప్రార్థన నన్నే నడపమన్నారు. అబద్ధమాడొద్దని ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పిన నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి అడిగితే, "కడుపు సంగతి నలుగురిలో ఎట్ల చెప్తాం అత్తా, సిగ్గుగాదా?" అంటావా! నా కడుపుకే లేని సిగ్గు నీకెందుకే?

శుక్రవారం మధ్యాహ్నం అందరి ముందే తింటాను, ఎందుకో కూడా చెబుతాను. మన అన్నం డబ్బా మూత వదులైంది. రేపు బజారుకు పోయి కొత్తది తీసుకురా. చిన్నది వద్దు, వెనక వరుసకు కూడా కనబడాలి.