బొరాన్ ఇంటి చప్పుళ్లు

కరగండ,
ఫిబ్రవరి 18

సరిహద్దు మంచులో కాపలా కాస్తున్న మా కువానిష్‌కి,

నీ అక్క, నీ అప్కే రౌషన్ దీవెనలు. రాసేదాన్ని గనుక నావి ముందు, తర్వాతవి అమ్మవి. నీ నుదుటి మీద ముద్దు పెట్టమంది. కాగితం మీద ఎలా పెట్టాలో తెలియక ఆ మాటే రాస్తున్నాను. ఇద్దరం క్షేమంగా ఉన్నాం. చలికి నీ చెవులు బాగానే ఉన్నాయా? అమ్మ పంపిన గుర్రపు మాంసం కజీ నీకు దక్కిందో, మీ సార్జెంటు నోట్లో పడిందో నిజం చెప్పు.

పోయిన ఉత్తరంలో మా గురించి రెండు మాటలు అడిగి, మన ఆటలోని ఓడ గురించి రెండు పేజీలు అడిగావు. అమ్మ చదివి, "వీడికి కన్నతల్లి కంటే ఆ కరెంటు ఓడే ఎక్కువైంది" అని మూతి తిప్పుకుంది. అక్కడ మీ ఫోన్లు లాగేసుకున్నారు, ఉత్తరం తప్ప దారి లేదు, కాబట్టి అన్నీ రాస్తాను. కానీ కువానిష్, దీన్ని నిలబడి చదవకు. ఎక్కడైనా కూర్చో. భయపడకు అని రాస్తే ముందు భయపడేది నువ్వేనని నాకు తెలుసు, అందుకే మొదటే చెప్పేస్తున్నాను: అందరూ బతికే ఉన్నారు.

నువ్వు వెళ్తూ నీ ల్యాప్‌టాపూ, ఓడ మరమ్మతు పనీ నాకు అప్పగించావు కదా. మొదట్లో నేను చిల్లు ఒకచోట ఉంటే చెక్క ఇంకోచోట కొట్టేదాన్ని. షిమ్‌కెంట్ నుంచి ఆడే జమీరా తెర మీద ఫిరంగుల దగ్గర నిలబడి, "అప్కే, అది చిల్లు కాదు, కిటికీ!" అని అరిచేది. చుక్కాని దగ్గర బొరాన్ మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. "మూసెయ్యనీ జమీరా, చలికాలం కదా" అనేవాడు. నేను ఎన్నిసార్లు ఓడను ముంచినా మళ్లీ మొదటి రేవు నుంచి బయలుదేరేవాడు. బళ్లో పిల్లలకు దొంబ్ర వాయించడం నేర్పి ఇంటికి వచ్చాక నాకు ఇంతకంటే ఊరట ఇంకోటి లేదని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

డిసెంబరులో ఒక అప్‌డేట్ వచ్చింది. మన లినక్స్ మీద ఆట తెరిస్తే నల్లతెర తప్ప ఏమీ లేదు. విండోస్ వాళ్లు లోపల విందు చేసుకుంటుంటే మనం చెప్పులు చేత పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డట్టయింది. మన చాట్ గుంపులో ఇక అదే రచ్చ. విండోస్ ఆటలను మన దగ్గర నడిపించే ప్రోటాన్ ఉంది చూడు, దాని పాతదానికి వెనక్కి పోదామని జమీరా. వెనక్కి పోతే ఇక ముందుకు వచ్చేదెప్పుడని బొరాన్. "నువ్వు ఏం ఎక్కించమన్నావో అదే ఎక్కించి నా సౌండు పోగొట్టుకున్నాను, నీ మాట వినడం నా తప్పు" అని ఆమె, "సౌండు పోయినా నీ గొంతు పోలేదుగా" అని అతను, పెళ్లింట్లో వియ్యాలవారిలా పోట్లాడుకున్నారు. చివరికి బొరాన్ ఒక్క వరుస కోడ్ రాసి పంపాడు. అది ఏమిటో అర్థం కాకుండానే టెర్మినల్‌లో అతికించాను. సముద్రం కనబడింది. సంతోషం పట్టలేక అమ్మను పిలిచి చూపించాను. "స్తెప్పె మైదానంలో పుట్టినవాళ్లకి ఓడలెందుకే" అని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే బొరాన్ తన కంప్యూటర్లో కొత్త డెస్క్‌టాప్ వేసుకున్నాడు. దాంతో నొక్కి మాట్లాడే మీట పనిచేయడం మానేసింది. ఎన్ని విధాల సరిచేసినా లొంగలేదు. విసిగిపోయి మైకును ఎప్పుడూ తెరిచే ఉంచాడు. ఇక అతని ఇల్లంతా మా చెవుల్లోనే. కెటిల్ ఈల, పొయ్యిలో బొగ్గు వేసే పార, కుక్క తలుపు గోకడం. "నీ ఇంట్లో టీ మరిగితే ఇక్కడ నా కళ్లద్దాలకు ఆవిరి పడుతోంది" అనేది జమీరా.

ఇన్ని విన్నాం గానీ అతని అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. నువ్వూ అడగలేదట. బొరాన్ అని మంచుతుఫాను పేరు పెట్టుకున్నవాణ్ణి నీదే ఊరని ఎవరడుగుతారు?

మొన్నటి పెద్ద తుఫాను రోజు బడులు మూసేశారు. కిటికీ అవతల ఎదురిల్లు కూడా కనబడటం లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం ఓడ ఎక్కాం. బొరాన్ మొదటినుంచీ తలనొప్పి అన్నాడు. "రాత్రి నుంచి గాలి ఒకటే కొడుతోంది, వేడంతా పొగగొట్టంలోంచి పోతోంది. దాని పలక మూసేశాను, ఇప్పుడు కాస్త హాయిగా ఉంది" అన్నాడు. నేను విన్నాను కువానిష్. విని, మేకులు కొట్టుకుంటూ ఉన్నాను. మనం అపార్ట్‌మెంట్లో పుట్టినవాళ్లం, వేడి గోడలోంచి వస్తుందనుకునేవాళ్లం.

కాసేపటికి ఓడను తిన్నగా కొండకు తీసుకెళ్లి కొట్టాడు. జమీరా, "కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా!" అంది. అతను నవ్వలేదు. చాలాసేపటికి, "ఏ కొండ?" అన్నాడు. నాలుక మందంగా ఉంది. తాగి ఉన్నాడనుకున్నాం. జమీరా ఇంకో నాలుగు చురకలు వేసింది. తెర మీద అతని మనిషి చుక్కాని పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. చెవుల్లో ఊపిరి ఒక్కటే, బరువుగా, ఆగి ఆగి.

అప్పుడే అమ్మ నూనెలో వేయించిన బౌర్సాకుల గిన్నెతో గదిలోకి వచ్చింది. హెడ్‌సెట్ తీసి స్పీకర్లో పెట్టాను, ఎందుకో ఒక్కదాన్నే వినలేకపోయాను. అమ్మ ఎవరు ఆ గురక పెట్టేదని అడిగింది. చెప్పాను. పొగగొట్టం పలక మాట కూడా చెప్పాను. గిన్నె చేతిలోంచి జారి కింద పడింది. చిన్నప్పుడు తన మేనత్త ఇంటిల్లిపాదీ అలాగే పోయారట. మనకు ఎప్పుడూ చెప్పలేదు.

"అది నిద్ర కాదే, బొగ్గు గాలి!" అని నన్ను పక్కకు తోసి, మైకును నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని అరిచింది. "బాలమ్! లే నాయనా! తలుపు తియ్యి!" ఏళ్ల తరబడి ఆ మైకు తీసి పారేయమన్న మనిషి కువానిష్, ఆ రోజు దాన్ని వదల్లేదు.

నేను ఫోన్లో అత్యవసర నంబరు నూట పన్నెండుకు చేశాను. అడ్రసు చెప్పమంది ఆ అమ్మాయి. తెలియదన్నాను. పేరు? బొరాన్. బయట బొరాన్ ఉందని నాకూ తెలుసు, మనిషి పేరు చెప్పండి అంది. నాకు ఏడుపొచ్చింది. జమీరా అక్కడ గుంపులో పాత మాటలన్నీ వెతుకుతోంది. ఉన్నదంతా ఏ డ్రైవరు మంచిది, ఏ ఆట నడుస్తుంది, ఏది నడవదు. ఏడాది మాట్లాడుకుని ఒక్క వీధి పేరు లేదు.

అమ్మ మాత్రం అడ్రసు అడగలేదు. గొంతు తగ్గించి, పక్కనే కూర్చున్నట్టుగా, "మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది బాలమ్?" అంది. ఊపిరి ఆగింది. మళ్లీ వచ్చింది. "ఎర్తాయ్" అన్నాడు. "ఎర్తాయ్, రొట్టె ఎక్కడ కొనుక్కుంటావు నాయనా?" "స్టేషన్లో." "ఏ స్టేషను, నా బంగారం?" అమ్మ అదే ప్రశ్న జోలపాటలా మళ్లీ మళ్లీ అడిగింది. "కరాతాస్" అన్నాడు చివరికి. "రొట్టె పట్టుకుని ఇంటికి ఎటు నడుస్తావు?" "నీళ్ల ట్యాంకు దాటి..." అంతే. ఇక మాట లేదు.

కరాతాస్‌కి రోడ్డు మూసేశారట, అంబులెన్సు కదలదట. ఆ ఫోను అమ్మాయే, దేవుడు చల్లగా చూడాలి, నన్ను కరాతాస్ స్టేషన్ డ్యూటీ ఆవిడకి కలిపింది. బొంగురు గొంతు. సంగతి చెప్పగానే, "ట్యాంకు వెనక ఎర్తాయా? ఆ కంప్యూటర్లు బాగుచేసే పిల్లాడా? మా పట్టాల వాళ్లని పంపిస్తున్నా, నువ్వు ఏడవడం ఆపు" అంది.

ఆ తర్వాత మేం చేయగలిగింది వినడమే. అమ్మ ఆపకుండా పిలుస్తూనే ఉంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య దూరం పెరుగుతోంది. నేను నా ఊపిరి దానితో కలిపి తీస్తున్నాను, అది ఆగితే నాదీ ఆగేలా ఉంది. తెర మీద ఓడలోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి, ఎవరమూ చూడలేదు.

ముందు కుక్క మొరిగింది. తర్వాత తలుపు మీద బాదుడు, అద్దం పగిలిన చప్పుడు, గదిలోకి గాలి దూకిన హోరు. "ఇక్కడున్నాడ్రా! కాళ్లు పట్టు, కాళ్లు!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో, "వీడి చెవుల్లో ఎవరో ముసలామె మాట్లాడుతోంది!" అన్నారు. అమ్మ, "మీ చేతులకు పుణ్యముంటుంది, బయటికి తీసుకుపోండి!" అంది. తర్వాత తీగ ఊడిన టక్కుమన్న చప్పుడు. ఇక ఏమీ లేదు.

సాయంత్రం దాకా స్టేషను నుంచి ఫోన్ రాలేదు. అమ్మ వంటింట్లో ఒకే గిన్నె కడుగుతూ కూర్చుంది. జమీరా మాటిమాటికీ ఫోన్ చేసి, "తాగాడన్నాను అప్కే, తాగాడని తిట్టాను" అని ఏడ్చేది. చీకటి పడే వేళకు స్టేషను ఆవిడ చేసింది. ఊపిరుందట. పట్టాల మీద మంచు తోసే ఇంజనులోనే పడుకోబెట్టి కరగండ తీసుకొచ్చారట.

మన ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాడు. చూసొచ్చాం. నీకంటే పెద్దవాడు, ముప్ఫై దాటి ఉంటాడు, గడ్డం, చేపకళ్లలాంటి పెద్ద కళ్లు. తల్లి పోయి చాలాకాలమైందట, ఎవరూ లేరు. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు ప్రాణభయం లేదన్నాడు. అమ్మ రోజూ సూప్ పట్టుకెళ్తోంది. ఎర్తాయ్ నీకు సలాం చెప్పమన్నాడు. నువ్వు వచ్చేదాకా చుక్కాని తనే పట్టుకుంటానన్నాడు. కాబట్టి నిశ్చింతగా కాపలా కాయి. మీ బ్యారక్‌లో పొయ్యి ఉంటే పలక ఎవరు మూస్తున్నారో చూసుకో. ఇది మాత్రం మరచిపోకు.

జాగ్రత్త. పైకోటు గుండీలు అన్నీ పెట్టుకో.

నీ రాక కోసం తలుపు వైపు చూసే
నీ అప్కే, రౌషన్

తా.క. కవరు అతికించబోయి ఆగాను. ఎర్తాయ్ నీకు సలాం చెప్పలేదు కువానిష్. నువ్వెవరో అతనికి తెలియదు. మేమెవరమో తెలియదు. తన పేరు తెలుసు, కుక్క పేరు తెలుసు, చిన్నతనం తెలుసు. ఆ బొగ్గు గాలికి ఈ మధ్య ఏళ్లన్నీ పోయాయి, ఓడా, మనమూ వాటితోపాటే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రేపు ఇంకాస్త పోవచ్చు కూడా అన్నాడు డాక్టరు. తుపాకీ పట్టుకుని చలిలో నిలబడ్డవాడికి ఇది రాయడం ఇష్టం లేక అబద్ధం రాశాను. కానీ నువ్వు రేపు వచ్చి అతని ముందు నిలబడితే ఎవరు నువ్వని అడుగుతాడు. అప్పుడు నీ గుండె ఆగకూడదు.

ప్రతి రోజూ వెళ్లి పేర్లు చెప్పుకుంటాం. మర్యాదగా తలూపుతాడు. అమ్మ గొంతు వినగానే మాత్రం అటు తిరుగుతాడు, ఎందుకో తనకే తెలియదు. నిన్న నీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మంచం పక్కన కూర్చుని ఒంటరిగా ఓడ నడిపాను. రేవు దాటకముందే రాళ్లకు కొట్టాను. కొత్తవాళ్లను చూసినట్టు నా వంక చాలాసేపు చూసి, "ఇది విండోసా?" అని అడిగాడు. కాదు, లినక్స్ అన్నాను. పక్కకు జరిగి మంచం మీద నాకు చోటిచ్చి, "అయితే ఇలా వచ్చి కూర్చోండి. మీ పేరేమన్నారు?" అన్నాడు.