చిన్నకన్ను వల

బావకు,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన గుమ్మం ముందున్న విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నేటి నుండి పిల్లి సొంతమైనది. అందులో కూర్చోదలచిన మనుషులు పిల్లి అనుమతి పొందవలెను. ఉల్లంఘించిన మీ అమ్మగారికి ఇప్పటికే గోళ్ళతో శిక్ష అమలైనది.

అది తప్ప ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఓడ ఇంజనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. పిల్లి మీదికి చెప్పు విసిరిన వేగం చూసి నేనే సర్టిఫికెట్టు ఇచ్చాను. బోటుకు రంగు వేయించాను. నువ్వు నీలం అన్నావు, ఆకుపచ్చ దొరికింది. కళ్ళు మూసుకుని చూస్తే నీలమే. రేవులో చేపల వేలంపాటగాడి చెప్పులో పీతను పెట్టింది ఎవరన్నావు. సాక్ష్యం లేదు.

ఇక చిన్నకన్ను వల భద్రంగా ఉందా అన్నావు. దానికి కాస్త వెనక నుంచి రావాలి.

రేవు షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా వంజరం చేపలు కోస్తున్నాను. మీ మగవాళ్ళు చేపను బయటినుంచి చూస్తారు, మేం లోపలినుంచి చూస్తాం. ఒకప్పుడు సీజనులో నాలుగు కోస్తే ఒకదాని కడుపు నిండా గుడ్లుండేవి. ఈ ఏడాది నెల రోజులు కోశాను. ఒక్కటంటే ఒక్కదాంట్లో లేవు. అన్నీ మూరెడు పిల్లలే, ఈడు రాకముందే మన వల సన్నటి కన్నుల్లోంచి జారిపోలేక చిక్కినవి. పక్క బల్ల మీద కోసే ముసలామెను అడిగితే, "గుడ్లెక్కడివే పిచ్చిదానా, తల్లి కావాలంటే ముందు పెరగనివ్వాలిగా!" అంది.

ఆ మాట మన బోటు నడిపే సరంగు చెవిన వేశాను. మర్నాడు ఆయన రేవులో నలుగురి ముందూ, "చెల్లెమ్మా, పసిపిల్లల్ని పట్టి బతకడం నా వల్ల కాదు. ఈ చిన్నకన్ను వల ముక్కలు చేసెయ్. పాత పెద్దకన్ను వలతోనే వెళ్తాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దవాడి మాట కాదనలేక కత్తెర తీశాను.

మొదటి వేటకు నాలుగు చేపలు. రేవంతా నవ్వింది.

"ఏంటొదినా, చేపలకి తలుపు తీసిపెట్టావంటగా?" అన్నాడు వేలంపాటగాడు.

"ముందు నీ చెప్పులు దులిపి వేసుకో నాయనా" అన్నాను.

రెండో వేటకు ఏడు, మూడోసారి మళ్ళీ నాలుగే. మన బోటు మనుషులు ఇద్దరు వేరే బోటెక్కారు. నేను షెడ్డులో రెండు పూటలా కోస్తున్నాను. పొయ్యి ఆరలేదు, ఆరనివ్వను. చిన్నకన్ను వల మళ్ళీ కొననూ కొనను. వచ్చే ఏడాది ఓడ పని మానేసి మన బోటే ఎక్కుతానని రాశావు. అప్పటికి నీ వలలో పడేందుకు పెరిగిన చేప ఉండాలి. మన ఒక్క బోటుతో సముద్రం నిండుతుందా అంటావు. నిండదు. అందుకే షెడ్డులో ఆడవాళ్ళందరికీ చేపల కడుపులు చూపించి మాట్లాడుతున్నాను. ఇద్దరు నా కత్తెర అరువడిగారు.

ఇక్కడితో ముగించి కవరు అంటిద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

సరంగు ఏడవలేదు బావా. కాలి మీద లంగరు పడ్డా ఏడ్చే మనిషి కాడు. "ఆ వల ముట్టుకుంటే మీ ఆయనకు నువ్వే జవాబు చెప్పుకోవాలి" అన్నాడు, అంతే. ఇప్పటికీ నన్ను తిట్టుకుంటూనే వేటకు వెళ్తున్నాడు. ఆ కన్నీళ్ళూ, ఆ చెల్లెమ్మా, అంతా నేను పుట్టించిందే. కోసింది నా అంతట నేనే. నువ్వు రెండు వానాకాలాలు కూర్చుని అల్లిన వల. పక్కన కూర్చుని దారం అందించాను కాబట్టి సగం నాదనుకుని కోయడం మొదలుపెట్టాను. సగం ఎక్కడ అయిపోయిందో చూసుకోలేదు.

ఇట్లు,
జవాబు చెప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న
నీ ఇల్లాలు